పువ్వును దగ్గరి నుంచి తీస్తే ఫోకస్ ఎందుకు తప్పుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, ములుగు, నర్సంపేట వైపు పూల ఫొటోలు తీసేవాళ్లు, ముఖ్యంగా కొత్తగా కెమెరా పట్టిన కాలేజీ పిల్లలు, నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలివి. ఎక్కువమంది బాధ ఒకటే: "అన్నా, కెమెరా స్క్రీన్ మీద మంచిగనే కనిపించింది, ఇంటికొచ్చి పెద్దగ చేసి చూస్తే మొత్తం మసక." ఆ మసక వెనక కారణం ప్రతిసారీ ఒకటే ఉండదు. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి.

దూరం నుంచి బాగా తీసే కెమెరాకు పువ్వు దగ్గరికి వెళ్లగానే ఏమవుతుంది?

రెండు జరుగుతాయి. ప్రతి లెన్స్‌కూ ఒక హద్దు ఉంటుంది. అంతకన్నా దగ్గరికి వెళ్తే ఏం చేసినా ఫోకస్ కాదు. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌లలో చాలావాటికి ఆ హద్దు 25 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ దూరాన్ని లెన్స్ ముందు అద్దం నుంచి కాదు, కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ నుంచి కొలుస్తారు. చాలా కెమెరాల పైభాగాన చిన్న సున్నా, దాని మీదుగా ఒక అడ్డగీత ఉంటాయి. సెన్సర్ సరిగ్గా అక్కడే ఉందని ఆ గుర్తుకు అర్థం.

రెండోది ఇంకా ముఖ్యం. దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టంగా వచ్చే లోతు, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, కరిగిపోతుంది. దగ్గరి నుంచి పెద్దగా తీయడానికి చేసిన మాక్రో లెన్స్‌తో పువ్వును సెన్సర్ మీద అసలు సైజులో, అంటే 1:1లో తీస్తున్నారనుకోండి. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్ 8 పెట్టినా (ఎఫ్ నంబర్ అంటే లెన్స్ రంధ్రం సైజు, నంబర్ పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా వచ్చేది ఒక మిల్లీమీటర్ లోపే. బియ్యపు గింజ మందం కూడా ఉండదు. సగం సైజులో తీస్తే అది దాదాపు 3 మిల్లీమీటర్లు అవుతుంది, పావు సైజులో తీస్తే 9 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే కొంచెం వెనక్కి జరిగితే లోతు చాలా పెరుగుతుంది. నేను కొత్తవాళ్లకు ముందు చెప్పేది ఇదే: నిండుగా రావాలని ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లకండి. ఒక జానెడు వెనక్కి వచ్చి తీయండి, తర్వాత కత్తిరించుకోండి. ఇప్పటి 24 మెగాపిక్సెల్ కెమెరాలకు అది పెద్ద నష్టం కాదు.

పువ్వు మొత్తం స్పష్టంగా రావాలనే ఆశను ముందే పక్కన పెడితే సగం టెన్షన్ పోతుంది. మీ చేతిలో ఉన్నది ఒక పల్చటి పొర. దాన్ని పువ్వులో ఎక్కడ పెట్టాలో మీరే తేల్చుకోవాలి, పెట్టాక కదలకుండా చూసుకోవాలి. కింది జవాబులన్నీ ఆ రెండు పనుల గురించే.

ఫొటో మసకగా వచ్చింది. తప్పు నాదా, గాలిదా, కెమెరాదా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియక చాలామంది కొత్త లెన్స్ కొనేస్తారు. ముందు ఫొటోను కంప్యూటర్‌లో 100 శాతానికి పెంచి, పువ్వును వదిలేసి మిగతా ఫ్రేమంతా వెతకండి.

వెనక రేకు అంచో, కాడ మీది నూగో, పక్క ఆకో స్పష్టంగా కనిపిస్తే ఫోకస్ తప్పు చోట పడింది. ఎక్కడా స్పష్టత లేకుండా ప్రతి అంచూ ఒకే దిక్కుకు సాగినట్టు, రెండు గీతలుగా కనిపిస్తే మీ చెయ్యి కదిలింది. చుట్టుపక్కల అదే దూరంలో ఉన్న ఆకులు బాగుండి పువ్వు ఒక్కటే అలుక్కుపోతే అది గాలి. ఫొటో మొత్తం పల్చటి పొగ కప్పినట్టుంటే లెన్స్ మీద వేలిముద్ర ఉండవచ్చు, తేమ పట్టి ఉండవచ్చు. వానాకాలం ఏసీ కారులోంచి దిగీదిగగానే కెమెరా తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. బ్యాగులోంచి తీయకుండా ఒక ఇరవై నిమిషాలు బయటి గాలికి అలవాటు కానివ్వండి. గట్టిగా తుడిస్తే మళ్లీ పడుతుంది, అద్దం మీద గీతలు కూడా పడవచ్చు.

ఒకవేళ మీ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల లేచి పడే అద్దం ఉన్న కెమెరా) ప్రతిసారీ మీరు పెట్టిన చోటికి ముందో, ప్రతిసారీ వెనకో ఫోకస్ చేస్తుంటే అప్పుడు కెమెరాను అనుమానించాలి. ఒక స్కేలును ఏటవాలుగా పెట్టి, మధ్య గీత మీద ఫోకస్ చేసి పది ఫొటోలు తీయండి. పదీ ఒకే వైపు తప్పితే లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ, తీయడం మొదలుపెట్టండి, ఆ తేడా పోతుంది. లైవ్ వ్యూలో ఫోకస్ నేరుగా సెన్సర్ మీదే జరుగుతుంది కాబట్టి. ఆ లేచి పడే అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు ఈ ఇబ్బంది దాదాపు ఉండదు.

పువ్వులో ఎక్కడ ఫోకస్ చేయాలి?

మనిషిని తీసేటప్పుడు కళ్ల మీద ఫోకస్ చేస్తాం. పువ్వులోనూ మన చూపు ముందుగా వెళ్లి ఆగే చోటు ఒకటుంటుంది. చాలా పూలలో అది కేసరాలు, పుప్పొడి ఉన్న చోటే. అక్కడ స్పష్టంగా ఉంటే రేకుల అంచులు కరిగిపోయినా కంటికి తప్పనిపించదు. అంచులు స్పష్టంగా ఉండి నడిమధ్య మసకైతే మాత్రం ఏదో పోయినట్టే ఉంటుంది.

మన రాష్ట్ర పుష్పం తంగేడును చూడండి. అయిదు పసుపు రేకులు, అంచులు కొంచెం ముడతలు. మధ్యలోంచి పొడుగు కేసరాలు వంపు తిరిగి ముందుకు వస్తాయి. ఎదురుగా నిలబడి తీస్తే ఆ కేసరాల కొసలకూ రేకులకూ మధ్య ఒక సెంటీమీటర్ దాకా తేడా ఉంటుంది. సెన్సర్ కొంచెం చిన్నగా ఉండే మామూలు క్రాప్ సెన్సర్ కెమెరాలో సగం సైజుకు తీస్తే ఎఫ్ 8 దగ్గర మీకు దొరికే లోతు 2 మిల్లీమీటర్లే. రెండూ అందవు, ఒకటి ఎంచుకోవాలి. నేను కేసరాల కొసలనే ఎంచుకుంటాను. లేదంటే పక్కకు జరిగి, వంపు మొత్తం కెమెరాకు అడ్డంగా వచ్చేలా తీస్తాను. అప్పుడు మొదలు నుంచి కొస దాకా కేసరం ఒకే దూరంలో ఉంటుంది, లోతు సరిపోతుంది.

మందారం దీనికి ఇంకా మంచి ఉదాహరణ. మధ్యలోని కాడ ముందుకు పొడుచుకు వచ్చి, కొసన అయిదు చిన్న ఎర్రటి మఖమల్ బొడిపెలు ఉంటాయి. ఎదురుగా తీస్తే ఆ అయిదు బొడిపెలే మీ ఫొటో, వెనక రేకులు రంగుగా మాత్రమే మిగులుతాయి. అదీ అందమే. పక్క నుంచి తీస్తే కాడ మొత్తం, దాని మీది పసుపు పుప్పొడి గుండ్లతో సహా, స్పష్టంగా వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఏటవాలుగా నిలబడి తీసిన మందారాలే ఎక్కువగా పాడవుతాయి.

గునుగు వేరే రకం. గుండ్రటి కంకి, చుట్టూ వందల చిన్న పూలు. ఏ వైపు నుంచి తీసినా మీ వైపున్న ఉబ్బు ఒక్కటే అందుతుంది. ఆ ఉబ్బు మీదే ఫోకస్ పెట్టి, కంకి నిటారుగా ఉంటే కెమెరానూ నిటారుగా, కంకి వంగి ఉంటే అదే వంపులో పట్టుకోండి.

ఇక్కడ అన్ని పూలకూ పనికొచ్చే ఒక మాట. సెన్సర్, మీకు కావాల్సిన భాగం రెండూ సమాంతరంగా ఉండాలి. ట్రైపాడ్ మీద పెట్టి ఉంటే ఒకసారి పక్కకు వచ్చి నిలబడి చూడండి. లెన్స్ ముందు అద్దమూ పువ్వు ముఖమూ ఎదురెదురుగా పెట్టిన రెండు పళ్లేల్లా కనిపించాలి. కొంచెం వాలితే చాలు, సగం పువ్వు పోతుంది.

ఎఫ్ నంబర్ ఎంత పెట్టాలి? ఎఫ్ 22 పెడితే అంతా స్పష్టంగా రాదా?

రాదు. నంబర్ పెంచేకొద్దీ లోతు పెరుగుతుంది, నిజమే. కానీ రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల దగ్గర చెదిరి, ఫొటో మొత్తం మెత్తబడుతుంది. డిఫ్రాక్షన్ అంటారు దీన్ని. క్లోజప్‌లో ఇది మామూలు కన్నా ముందే మొదలవుతుంది. 1:1 దగ్గర మీరు పెట్టిన ఎఫ్ 16, లెక్కలో ఎఫ్ 32 లాగా పనిచేస్తుంది. ఎఫ్ 8 పెడితే ఎఫ్ 16తో సమానం.

నేను ఎఫ్ 8, ఎఫ్ 11 మధ్యలోనే ఉంటాను. వెనక పూర్తిగా కరిగిపోవాలి, ఒక్క పుప్పొడి గుండు చాలు అనుకున్నప్పుడు ఎఫ్ 4కు వస్తాను. మాక్రో లెన్స్ కొన్న మొదటి సంవత్సరం మొత్తం ఎఫ్ 2.8 మీదే తీశాను, వెనక అందంగా మసకబారుతుందని. ఆ ఏడాది తీసిన గునుగుల్లో ఉంచుకోదగ్గవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంది, ఆగదు. ఏం చేయాలి?

కెమెరా ఫోకస్‌ను వెతికేది వెలుగు నీడల తేడా ఉన్న చోట. తెల్లటి గునుగు, ఒకే రంగు తామర రేకు మీద దానికి పట్టు దొరకదు. పాయింట్‌ను రేకు అంచు మీదికో, కేసరం మీదికో జరపండి. కెమెరాకు వదిలేయకుండా ఒకే ఒక్క చిన్న పాయింట్ ఎంచుకోండి. మాక్రో లెన్స్ పక్కన ఫోకస్ పరిధిని తగ్గించే మీట ఉంటే దగ్గరి దూరానికి మార్చండి, వెతుకులాట తగ్గుతుంది.

మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి, సగం నొక్కి పట్టుకుని, ఫ్రేమ్ జరిపి తీసే అలవాటు మనలో చాలామందికి ఉంది. పెళ్లి ఫొటోలకు నడుస్తుంది. పువ్వు దగ్గర నడవదు. కెమెరాను తిప్పినప్పుడు ఆ పల్చటి పొర కూడా తిరుగుతుంది, మీరు పెట్టిన చోటు నుంచి జారిపోతుంది.

చేత్తో ఫోకస్ చేయడం కష్టం కాదా?

రెండు వారాలు తీస్తే ఆటోఫోకస్ కన్నా ఇదే సుఖమని మీరే అంటారు. పద్ధతి ఇది. మాన్యువల్ పెట్టి, ఎంత పెద్దగా కావాలో ఆ మేరకు రింగు తిప్పి వదిలేయండి. ఇక రింగును ముట్టుకోవద్దు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఒక మోకాలు నేల మీద పెట్టి, ఒళ్లంతా ఒక్కటిగా మెల్లగా ముందుకు వంగండి. స్పష్టమైన పొర పువ్వు మీద పాకుతూ పోవడం కంటికి కనిపిస్తుంది: ముందు రేకు అంచు, తర్వాత ముడత, తర్వాత పుప్పొడి. పుప్పొడి మీదికి రాగానే మూడు నాలుగు ఫొటోలు వరసగా తీయండి. కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ మన ఒళ్లు ఊగుతూనే ఉంటుంది కాబట్టి, వాటిలో ఒకటి సరిగ్గా పడుతుంది.

ఊపిరి సగం వదిలి ఆపి నొక్కితే ఇంకా మంచిది. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ పీకింగ్ ఉంటే స్పష్టమైన అంచులు రంగులో మెరుస్తాయి, కాకపోతే అది చూపించేది సుమారు స్థలమే. ట్రైపాడ్ మీద ఉంటే లైవ్ వ్యూను 10 రెట్లు పెంచి చూడటమే అన్నిటికన్నా నమ్మకం.

గాలి ఆగదు. ఎలా?

క్లోజప్‌లో గాలి ఎంత నష్టం చేస్తుందో ఒక లెక్క చెబుతాను. 1:1లో పువ్వు ఒక మిల్లీమీటర్ కదిలితే సెన్సర్ మీద బొమ్మ కూడా ఒక మిల్లీమీటర్ కదులుతుంది. సెన్సర్ వెడల్పు 24 మిల్లీమీటర్లు, అడ్డంగా 6000 పిక్సెళ్లు ఉంటే, ఆ ఒక్క మిల్లీమీటర్ 250 పిక్సెళ్లు. మనకు గాలి వీచినట్టే అనిపించనప్పుడు కూడా తంగేడు కొమ్మ అంతకన్నా ఎక్కువే ఊగుతుంది.

అందుకే పొద్దున్నే వెళ్లాలి. మన దగ్గర దసరా రోజుల్లో పొద్దు పొడిచిన గంట, గంటన్నర దాకా గాలి పడి ఉంటుంది. చలికాలం ఇంకొంచెం ఎక్కువసేపు. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే చిన్న చిన్న విసురులు మొదలవుతాయి. ఎండాకాలం మోదుగు కోసం తాడ్వాయి, ఏటూరునాగారం వైపు వెళ్లేవాళ్లు ఎనిమిదింటికే పని ముగించుకోవడం మేలు.

గాలి ఉన్నప్పుడు నేను చేసేవి చెబుతాను. ఒక సన్న వెదురు పుల్ల, రెండు బట్టల క్లిప్పులు ఎప్పుడూ బ్యాగులో ఉంటాయి. పుల్లను కాడ పక్కన నేలలో గుచ్చి, ఫ్రేములోకి రాకుండా కాడ కింది భాగాన్ని క్లిప్పుతో మెల్లగా పట్టిస్తాను. క్లిప్పుకూ కాడకూ మధ్య చిన్న గుడ్డ ముక్క పెడితే కాడ నలగదు. గాలి వచ్చే వైపు తెల్ల గొడుగు తెరిచి పెడితే గాలి ఆగుతుంది, ఎండ కూడా మెత్తబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం ఓపిక. గాలి అలలు అలలుగా వస్తుంది, రెండు అలల మధ్య కొమ్మ ఒక క్షణం నిలబడుతుంది. వేలు బటన్ మీద పెట్టి ఆ క్షణం కోసం కాచుకోవాలి.

షట్టర్ వేగం సెకనులో 250వ వంతు కన్నా తగ్గనివ్వకండి, గాలి ఉంటే 500వ వంతుకు వెళ్లండి. దానికోసం ఐఎస్‌ఓను (వెలుగుకు సెన్సర్ స్పందనను పెంచే నంబర్) 800, 1600 దాకా పెంచడానికి భయపడవద్దు. గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన పువ్వును ఎవరూ బాగు చేయలేరు.

ఫ్లాష్ వాడితే పువ్వు సహజంగా ఉండదు కదా?

నేరుగా కొడితే ఉండదు. ఫ్లాష్ ముందు ట్రేసింగ్ పేపర్ రెండు పొరలు, వీలైనంత పెద్దగా, పువ్వుకు దగ్గరగా పెట్టండి. ఫ్లాష్ బలాన్ని 16వ వంతుకో 32వ వంతుకో తగ్గిస్తే అది వెలిగేది సెకనులో సుమారు పదివేలో వంతు మాత్రమే. అంత తక్కువ సేపట్లో గాలీ చెయ్యీ రెండూ ఆగిపోయినట్టే. వెనక మరీ నల్లగా రాకుండా పువ్వు వెనక ఆకులు దగ్గరగా ఉండేలా నిలబడండి.

ట్రైపాడ్ తప్పనిసరా?

గాలి లేని పొద్దున, కదలని పువ్వుకు తప్పనిసరి అనే అంటాను. రెండు సెకన్ల టైమర్ పెట్టి, లెన్స్‌లో చెయ్యి వణుకును ఆపే స్టెబిలైజేషన్‌ను ఆపేయండి. గాలి ఉన్నప్పుడు ట్రైపాడ్ వల్ల పెద్దగా లాభం లేదు, ఎందుకంటే కదిలేది కెమెరా కాదు. నేలకు దగ్గరగా పూసే వాటికి ట్రైపాడ్ కన్నా జొన్నలు గానీ బియ్యం గానీ నింపిన గుడ్డ సంచి మంచిది. ఇంట్లోనే కుట్టుకోవచ్చు.

లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందని దాని మీదే ఆధారపడకండి. దగ్గరికి వెళ్లేకొద్దీ దాని బలం తగ్గుతుంది. పైగా అది చెయ్యి వణుకును ఆపుతుంది గానీ, మీరు ముందుకూ వెనక్కూ ఊగడాన్ని ఆపలేదు.

మాక్రో లెన్స్ కొనే స్తోమత లేదు. వేరే దారి?

ఉంది. నేను మొదట తీసినవి ఎక్స్‌టెన్షన్ ట్యూబులతోనే. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలవి, లోపల అద్దం ఉండదు. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు 25 మిల్లీమీటర్ల గొట్టం పెడితే సగం సైజుకు పైగా వస్తుంది. కొనేటప్పుడు ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్నవే అడగండి. అవి లేకపోతే చాలా లెన్స్‌లలో ఎఫ్ నంబర్ మార్చడం కుదరదు.

లెన్స్ ముందు బిగించే క్లోజప్ ఫిల్టర్లు ఇంకా చవక. ప్లస్ 2 పెడితే అర మీటరు లోపల, ప్లస్ 4 పెడితే 25 సెంటీమీటర్ల లోపల తీయవచ్చు. ఒకే గాజు ఉన్న చవక రకంలో అంచులు మెత్తగా, రంగు గీతలతో వస్తాయి, కాబట్టి పువ్వును మధ్యలో ఉంచి ఎఫ్ 8 వాడండి. 70-300 జూమ్ ఉన్నవాళ్లకు ప్లస్ 2 చక్కగా కుదురుతుంది. ఒడ్డు నుంచి అందని తామరకైతే ఆ జూమ్ ఒక్కటి చాలు.

ఫోన్‌తో సాధ్యమేనా?

సాధ్యమే, కొన్ని అలవాట్లు మానుకుంటే. చాలామంది ఫోన్‌ను పువ్వులోకి గుచ్చినట్టు పెడతారు. పెద్ద సెన్సర్ ఉన్న కొత్త ఫోన్ల మెయిన్ కెమెరా అంత దగ్గర ఫోకస్ చేయలేదు. ఒక జానెడు వెనక్కి వచ్చి 2ఎక్స్ జూమ్‌తో తీయండి. వేలితో పువ్వు మీద నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. ఆ తర్వాత చేత్తో ఫోకస్ చేసేటప్పుడు చెప్పినట్టే ఒళ్లు ముందుకు వెనక్కు జరపాలి.

చవక ఫోన్లలో మాక్రో పేరుతో ఇచ్చే 2 మెగాపిక్సెల్ కెమెరాను నేను సిఫారసు చేయను. మెయిన్ కెమెరాతో తీసి కత్తిరించుకున్నదే దానికన్నా బాగుంటుంది. అల్ట్రావైడ్ కెమెరాతో మాక్రో ఇచ్చే ఫోన్లు వేరు, అవి రెండు మూడు సెంటీమీటర్ల దాకా వెళ్లగలవు. కాకపోతే అంత దగ్గరైతే ఫోన్ నీడ పువ్వు మీద పడుతుంది, ఎండకు ఏ వైపు ఉన్నారో చూసుకోండి.

ఫోకస్ సరిగ్గానే ఉంది, కానీ మోదుగు, మందారం, బంతి ముద్దలా వస్తాయి. ఎందుకు?

ఇది ఫోకస్ తప్పు కాదు, రంగు పొంగిపోవడం. ఎండలో ఎర్రటి, నారింజ రంగు పూలలో ఎరుపు ఒక్కటే చాలా ముందుగా హద్దు దాటుతుంది. అప్పుడు రేకు మీది ఈనెలు, నూగు, నీడలు అన్నీ ఒకే ఎరుపులో కలిసిపోతాయి. కంటికి అది మసకలా కనిపిస్తుంది. తంగేడుకూ ఇదే ఇబ్బంది, పసుపు ఒక పూతలా మారుతుంది.

వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్‌ను హిస్టోగ్రామ్ అంటారు, దానిలో మూడు రంగులనూ విడివిడిగా చూపించే ఏర్పాటు ఆన్ చేసుకోండి. ఎరుపు కుడి గోడకు తగులుతుంటే ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7 దాకా తగ్గించండి. సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉంచే రా ఫైల్‌లో తీయండి. మబ్బు పట్టిన రోజు మోదుగు తీసి చూడండి, రేకు మీది పట్టులాంటి నూగు ఒక్కో పోగుగా కనిపిస్తుంది. అదే పువ్వు, అదే లెన్స్, అదే ఫోకస్.

బతుకమ్మను దగ్గరి నుంచి తీయాలంటే?

సాయంత్రం ఆట మొదలయ్యాక క్లోజప్ ఆశ వదిలేయండి. వెలుగు తక్కువ, జనం ఎక్కువ, ఎల్‌ఈడీ దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫొటోలో చారలు కూడా పడతాయి. అప్పుడు ఆడవాళ్లను, ఆటను తీయండి.

పూల కోసం మధ్యాహ్నం, ఇంట్లో పేరుస్తున్నప్పుడు తీయాలి. మా ఇంట్లో అమ్మ వాకిట్లో తాంబాళం ముందు పెట్టుకుని, గునుగు కాడలు సమానంగా కోసి, కట్టలు కట్టి, రంగులో ముంచి ఆరబెడుతుంది. తడి ఇంకా ఆరని గునుగు కొసన గులాబీ రంగు చుక్కలా ఆగి ఉంటుంది. నేను దగ్గరి నుంచి తీసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. పక్క నుంచి వాకిలి వెలుగు, నేల మీద పెట్టిన కెమెరా, ఎఫ్ 8. గాలి లేదు కాబట్టి తొందర లేదు.

పేర్చిన బతుకమ్మ గుండ్రంగా ఉంటుంది కనుక మొత్తం దగ్గరగా తీయాలని చూస్తే అంచులు పోతాయి. ఒక్క వరసను ఎంచుకోండి: తంగేడు మీద గునుగు, దాని మీద బంతి కలిసే చోటు. లేదా పైన గుమ్మడి పువ్వులో కూర్చోబెట్టిన పసుపు గౌరమ్మ. గౌరమ్మను తీసేముందు మాత్రం ఆ ఇంటి పెద్దావిడను అడగండి. "అమ్మా, ఒక్కటి తీసుకుంట" అంటే కాదనే వాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

పొలంలో పత్తి, మిర్చి పూలు తీయవచ్చా?

తప్పకుండా తీయండి. ఇవి మన జిల్లాల పూలు, వీటిని దగ్గరగా చూపించేవాళ్లు తక్కువ. పత్తి పువ్వు విచ్చిన రోజు మీగడ రంగులో ఉండి, మర్నాటికి గులాబీ రంగులోకి తిరుగుతుంది. గిన్నెలాంటి ఆకారం కాబట్టి లోతు ఎక్కువ, లోపలి పుప్పొడి స్తంభమా, రేకు అంచా, ఒకటి తేల్చుకోవాలి.

మిర్చి పువ్వు ఇంకా కష్టం. ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల తెల్ల పువ్వు, తల కిందికి వేలాడుతుంది. నేల మీద పడుకోక తప్పదు. నర్సంపేట దగ్గర ఒక తోటలో నేను అలా పడుకుని ఉంటే, కూలికి వచ్చిన పెద్దమ్మ ఒకామె వంగి అడిగింది: "ఏం జూస్తున్నవ్ బిడ్డా, నల్లి వడ్డదా?" పువ్వులో దాక్కునే నల్ల తామర పురుగు 2021లో ఇక్కడి మిర్చిని దెబ్బతీసినప్పటి నుంచి, మిర్చి పువ్వులోకి ఎవరు తొంగి చూసినా మనవాళ్లకు వచ్చే మొదటి అనుమానం అదే. స్క్రీన్ మీద పెద్దగా చేసి చూపించాను. కేసరం పక్కన మిల్లీమీటర్ పొడవున్న పురుగు ఒకటి, నల్లగా, సన్నగా. ఆమె తోట యజమానిని కేకేసి పిలిచింది. ఫోకస్ ఒక మిల్లీమీటర్ అటు తప్పి ఉంటే అక్కడ ఒక నల్ల మచ్చ తప్ప ఏమీ కనిపించేది కాదు.

చెలకలోకి అడుగు పెట్టేముందు రైతును అడగండి. మందు కొట్టిన రోజున వెళ్లకండి.

ఫోకస్ స్టాకింగ్ అంటే ఏమిటి? ఎప్పుడు వాడాలి?

కెమెరా కదలకుండా, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొంచెం కొంచెం జరుపుతూ పది, ఇరవై, ముప్పై ఫొటోలు తీసి, ప్రతి దాంట్లో స్పష్టమైన ముక్కను కలిపి ఒక్కటి చేయడం. ఫొటోషాప్‌తో చేయవచ్చు, ప్రత్యేకంగా హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ ఉన్నాయి. కొన్ని కొత్త కెమెరాలు ఫోకస్ బ్రాకెటింగ్ పేరుతో ఆ వరసను తామే తీస్తాయి. పువ్వు మొత్తం కొస నుంచి కొస దాకా కావాలంటే దారి ఇదొక్కటే.

షరతు ఒకటి: ఆ వరస పూర్తయ్యేదాకా పువ్వు కదలకూడదు. అందుకే ఇది తలుపులు వేసిన గదిలో, ఫ్యాను ఆపి చేసే పని. ఒక్కో అడుగూ మీ లోతు కన్నా చిన్నదిగా ఉండాలి, లేకపోతే మధ్యలో మసక పట్టీలు మిగులుతాయి.

ఎడిటింగ్‌లో షార్ప్ చేస్తే సరిపోదా?

ఉన్న స్పష్టతను కొంచెం పైకి తేవచ్చు, లేనిదాన్ని పుట్టించలేం. ఫోకస్ పడిన భాగానికి మాత్రమే మాస్క్ పెట్టి చేయండి. వెనక మసకకు కూడా చేస్తే అక్కడ గరుకు లేస్తుంది.

కదలని వస్తువు మీద ముందు సాధన చేయాలంటే?

ఖిలా వరంగల్ వెళ్లండి. తోరణాల మధ్య చెక్కిన రాళ్లు ఎన్నో నేల మీదే ఉన్నాయి. కాకతీయుల శిల్పులకు తామరంటే ఎంత ఇష్టమో అక్కడ తెలుస్తుంది. రాతి రేకు గాలికి ఊగదు, వాడిపోదు. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి తీసి, ఎఫ్ 4, 8, 16 మార్చి పోల్చుకోండి. పైన చెప్పిన సగం మాటలు ఒక్క పొద్దుటిలో అర్థమవుతాయి. పురావస్తు శాఖ స్థలాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి, చేత్తో తీయడానికి అడ్డు లేదు.

పూలు తెంపి ఇంటికి తెచ్చి తీయవచ్చా?

అభయారణ్యం లోపలివి ముట్టవద్దు. చెలక గట్ల మీది గునుగు రెండు కాడలు తెచ్చుకుంటే రోజుల తరబడి అలాగే ఉంటుంది, స్టాకింగ్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పువ్వు లేదు. తంగేడు అలా కాదు, తెంపిన కొన్ని గంటలకే రేకులు వాలిపోతాయి. తెస్తే కొమ్మతో సహా తెచ్చి వెంటనే నీళ్లలో పెట్టండి. ఒక పావుగంట ఆగి తీయండి, ఎందుకంటే నీళ్లు పీల్చేటప్పుడు కాడ మెల్లగా లేస్తుంది. ఆ కదలిక కంటికి కనిపించదు, ఫొటోలో మాత్రం తెలుస్తుంది.